కర్నూలు పీజీ నర్సుల పరిశోధనలకు మన సంఘం తోడ్పాటు – కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షురాలికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం. గత సర్వసభ్య సమావేశం నుంచి నేటి వరకు జరిగిన పనులను సభ ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. ఈ ఏడాది మన శ్రమలో ఎక్కువ భాగం ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతున్న సభ్యుల పరిశోధనలకే వెచ్చించాం. అది సరైన నిర్ణయమేనని నా గట్టి నమ్మకం.

రెండేళ్ళ కోర్సులోనే అంశం ఎంపిక, ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో రోగికి అన్యాయం జరగకుండా చూసే సంఘం) అనుమతి, వార్డులో వివరాల సేకరణ, వ్యాసరచన అన్నీ ముగియాలి. గైడు మేడములకు తరగతులు, పరీక్షల పనితోనే పొద్దు చాలదు. అందుకే వివరాలు సేకరించే వేళ విద్యార్థిని పక్కన మంచం దగ్గర నిలబడి, తప్పును అక్కడికక్కడే సరిదిద్దగల సీనియర్ సిస్టర్లను సమకూర్చాలని గత సమావేశంలో తీర్మానించాం. మాట నిలబెట్టుకున్న సిస్టర్లకు, వారి డ్యూటీ చార్టు సర్దుబాటు చేసిన ఇన్‌ఛార్జి సిస్టర్లకు సంఘం రుణపడి ఉంది.

మే 12న, నర్సుల దినోత్సవం నాడు జరిపిన శిక్షణ ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగిన కార్యక్రమం. పడక పుండ్లు వచ్చే అవకాశాన్ని ముందే అంచనా వేసే బ్రేడెన్ స్కేలును ఆ రోజు సాధన చేయించాం. 1987లో వెలువడిన ఈ స్కేలులో ఆరు అంశాలకు కలిపి 6 నుంచి 23 వరకు మార్కులుంటాయి, మార్కులు తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఇద్దరేసి సభ్యులు ఒకే రోగిని విడివిడిగా పరిశీలించి మార్కులు వేసి, తర్వాత పోల్చి చూసుకున్నారు. ఆ ఆరు అంశాలలో ఆహారం దగ్గరే ఎక్కువ తేడాలు వచ్చాయి. ఇంటి నుంచి క్యారియర్‌లో వచ్చిన జొన్నరొట్టెలో రోగి తిన్నదెంత, తోడున్నవారు తిన్నదెంత అన్నది అడగకుండా వేసిన మార్కు ఎందుకూ పనికిరాదని సీనియర్ సిస్టరు ఒకరు మంచం పక్కనే నిలబడి చూపించారు. గైడు పర్యవేక్షణ అంటే ఏమిటో మా పిల్లలకు ఆ పూట తెలిసింది.

పరిశోధనలో చేరే రోగుల సమ్మతి పత్రాలను తిరగరాయడం రెండవ పని. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం సమ్మతి రోగికి అర్థమయ్యే భాషలోనే తీసుకోవాలి. చదువురాని వారైతే నిష్పాక్షికమైన సాక్షి ఎదుట వేలిముద్ర వేయించాలి. మన చేతికి వచ్చిన పత్రాలలో ‘యాదృచ్ఛికీకరణ’ వంటి మాటలున్నాయి. ఆలూరు, పత్తికొండ నుంచి వచ్చిన అమ్మకు అది ఏం బోధపడుతుంది? ‘చీటీ తీస్తే ఏ గుంపు వస్తే ఆ గుంపులో ఉంటారు, నడుమలో వద్దనుకుంటే మానుకోవచ్చు, మీకు జరిగే వైద్యంలో ఏ లోటూ రాదు’ అని మార్చాం.

ఇక బాధ కలిగించిన విషయాలు. క్లినికల్ ట్రయల్ (రోగుల మీద ఒక చికిత్సను పరీక్షించి చూసే పరిశోధన) అయితే మొదటి రోగిని చేర్చుకొనక ముందే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ నుంచి ఆలస్యపు నమోదులు తీసుకోవడం లేదు. అందుకు కావలసిన అనుమతి పత్రం నెలల తరబడి ఒక బల్ల మీదనే ఉండిపోవడంతో మన సభ్యురాలు ఒకరు ఇష్టపడి ఎంచుకున్న అంశాన్నే వదులుకోవలసి వచ్చింది. ఎన్నిసార్లు వెళ్ళినా ‘రేపు రండి’ అన్న జవాబే దొరికింది. అధికారులకు అది ఒక కాగితం కావచ్చు, ఆమెకు మాత్రం రెండేళ్ళ చదువు. మరో సభ్యురాలి రోగులలో కొందరు సుగ్గికి (పంట కోతల కూలికి) గుంటూరు వైపు వెళ్ళిపోయి రెండవసారి పరీక్షకు అందుబాటులో లేకుండా పోయారు. రోగులను చేర్చుకునే కాలాన్ని ఇకపై సుగ్గి నెలలను చూసుకొని నిర్ణయించుకోవాలి. శిక్షణకు పేర్లిచ్చి రానివారిని, ఫోను కూడా ఎత్తనివారిని ఇక్కడ పేరు పెట్టి చెప్పను; కుర్చీలు వేసింది, భోజనాలు వడ్డించింది, పత్రాలు జిరాక్స్ తీయించింది మాత్రం ప్రతిసారీ ఆ నలుగురే.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి చదివి వినిపిస్తారు. చందా బకాయిలున్నవారు ఈ రోజే చెల్లించగలరు.

లెక్కల విశ్లేషణను ఉచితంగా నేర్పిన అధ్యాపకులకు, హాలు ఇచ్చిన యాజమాన్యానికి, రాత్రి డ్యూటీ దిగి నేరుగా శిక్షణకు వచ్చిన స్టాఫ్ నర్సులకు, అన్నిటికంటే ముందుగా, తమ నొప్పిని ఓర్చుకొని మా ప్రశ్నలకు జవాబులిచ్చిన రోగులకు కృతజ్ఞతలు. వచ్చే ఏడాది వార్డు పర్యవేక్షణకు పేర్లు ఇవ్వదలచినవారు తమ డ్యూటీ రోజులతో సహా రాసి ఇవ్వాలని, ఈ నివేదికను ఆమోదించాలని సభను కోరుతున్నాను.

కార్యదర్శి