పొదుపు చేయమంటారు సరే, కట్టించుకునేదెవరు?

సంపాదకుడి గారికి నమస్కారం.

చిన్న చిన్న ఖర్చులు తగ్గించుకుని డబ్బు వెనకేసుకోమని పత్రికల్లో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. బయట టీ మానండి, ఫోన్లో కనపడిందల్లా కొనకండి, జీతం చేతికందిన రోజే కొంత తీసి పక్కన పెట్టండి అంటారు. తప్పు పట్టడానికేమీ లేదు. కానీ తిరుపతి కొర్లగుంటలో కిరాణా కొట్టు నడుపుకునేవాడిగా నాకు కనిపించేది వేరు. మా వీధుల్లో ఖర్చు తగ్గించుకోవడం తెలియనివాళ్లు తక్కువే. మిగిల్చిన డబ్బును ఎక్కడ పెట్టాలన్న దగ్గరే అందరూ ఆగిపోతున్నారు.

పొద్దుగూకాక లాడ్జీల్లో గదులు ఊడ్చేవాళ్లు, పూలు కట్టేవాళ్లు, హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లు కొట్టుకొస్తారు. పావుకిలో కందిపప్పు, పది రూపాయల చింతపండు తీసుకుంటారు. చిల్లర లెక్కపెట్టుకుని అందులోంచి యాభయ్యో నూరో మళ్లీ నా చేతిలోనే పెడతారు. ‘‘అన్నా, దీన్ని నీ కాడే పెట్టుకో. ఇంటికి తీసుకుపోతే తెల్లారేలోపల అయిపోతాది.’’ అప్పుల పుస్తకం వెనక పేజీల్లో వాళ్ల పేర్లు రాసి జమ వేస్తుంటాను. ముందు పేజీల్లో వాళ్లు నాకు బాకీ, వెనక పేజీల్లో నేను వాళ్లకు బాకీ. రేపు నాకేదన్నా అయితే ఆ పుస్తకం ఎవరికి చూపించుకుంటారు? వద్దంటే వాళ్లకు కోపం, పుచ్చుకుంటే నాకు భయం.

పొదుపు సలహాలు కొన్ని లెక్కకు నిలవవు కూడా. షాంపూ ప్యాకెట్లు మాని సీసా కొంటే ఆదా అంటారు. కొన్ని రకాల్లో ప్యాకెట్టే చవక, కావాలంటే మా కొట్టుకొచ్చి మిల్లీలీటర్ల లెక్కన చూసుకోవచ్చు. ఫోను రీఛార్జి సంగతి అలా కాదు. నెల అనుకుని 28 రోజుల ప్యాక్ వేయించుకునేవాళ్లు ఏడాదికి పదమూడు సార్లు కడుతున్నారు. ఇక 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు లేదు. చంద్రగిరి, రేణిగుంట నుంచి రోజూ పనికొచ్చేవాళ్లకు మిగిలేది చిన్న మొత్తమేమీ కాదు. ఆ మిగులులో కొంత చిప్స్ ప్యాకెట్ల రూపంలో నా గల్లాపెట్టెకే వస్తోంది. నాకు లాభమే అయినా చెప్పకుండా ఉండలేను.

పోస్టాఫీసులో నెలనెలా కట్టే ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) నెలకు 100 రూపాయలతోనే మొదలుపెట్టొచ్చు. వడ్డీని 2023 అక్టోబరులో 6.7 శాతం చేశారు. ఆ లెక్కన రోజుకొక టీ మానేసి నెలకు 300 కడితే, అయిదేళ్లలో కట్టిన 18 వేలకు చేతికి సుమారు 21,400 వస్తుంది. పిల్లకు కాలేజీ ఫీజులో ఒక వాయిదా. ఒక నెల తప్పితే నూటికి రూపాయి చొప్పున అపరాధ రుసుము, నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా ఆగిపోతుంది. అయితే, పొద్దున ఆరింటికి పనికి పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషి ఏ వేళకు పోయి కౌంటరు దగ్గర నిలబడాలి? ఒక పూట సెలవు పెడితే ఆ పూట కూలి పోతుంది.

ఆ సందులోకే వీధి చీటీలు దూరుతున్నాయి. చీటీ నడిపేవాడు గుమ్మం దగ్గరికే వస్తాడు, రాత్రి తొమ్మిదైనా వస్తాడు. 1982 చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం చీటీని రిజిస్టరు చేయించాలి, చీటీ మొత్తానికి తగ్గ జామీను కట్టాలి. వీధిలో అడిగేదెవరు? ఈమధ్యే మా పక్క సందులో ఒకాయన ఐపీ పెట్టి ఊరొదిలిపోయాడు. గంగమ్మ జాతరకు చుట్టాలొస్తారని చీటీ కట్టుకున్నవాళ్లు, జాతరకు నా దగ్గర అప్పు రాయించుకున్నారు. బంగారు కొట్ల నెలవారీ స్కీములు కొంత మెరుగనిపించొచ్చు గానీ, బ్యాంకు డిపాజిట్లకున్న 5 లక్షల బీమా వాటికి లేదు.

ఏడుకొండలవాడికి ముడుపు కట్టిన పసుపు గుడ్డ జోలికి, పూట గడవకపోయినా మా ఊళ్లో ఎవరూ పోరు. డబ్బు చేతికి అందకుండా కట్టిపెట్టడమెలాగో ఈ జనానికి కొత్తగా నేర్పక్కర్లేదు. అంత నమ్మకంగా కట్టిపెట్టుకునే చోటు ఇంటి దగ్గరుంటే చాలు.

దీనికి కొత్త పథకమేమీ అక్కర్లేదు. ఇంటింటికీ వచ్చి ఆర్‌డీ వాయిదాలు వసూలు చేసే మహిళా ఏజెంట్ల ఏర్పాటు 1972 నుంచే ఉంది. వాళ్ల కమీషన్ ప్రభుత్వమే ఇస్తుంది, కట్టేవాళ్ల మీద పైసా పడదు. మా వార్డుకు ఆ ఏజెంటు ఎవరో నాకే తెలియదు, పనులకు పోయేవాళ్లకేం తెలుస్తుంది? గుర్తింపు ఉన్న ఏజెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు ప్రతి వార్డు సచివాలయం గోడ మీద రాయించాలి. వారానికి ఒక సాయంత్రం, ఆరు నుంచి ఎనిమిది దాకా, తపాలా సిబ్బంది ఒకరు ఆ సచివాలయంలోనే కూర్చుని డబ్బు కట్టించుకుని రసీదు ఇవ్వాలి. తిరుపతి తపాలా డివిజన్ అధికారులు, నగరపాలక సంస్థ వారు కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే పని ఇది. సాయంత్రం పూట సచివాలయం తెరిచి ఉంచడం కష్టమంటే మా కొట్టు అరుగు ఉంది. బల్ల, కుర్చీ, లైటు నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక కిరాణా వ్యాపారి,
కొర్లగుంట, తిరుపతి