ఆదివారం బైబిల్ స్టడీ: యెషయా 6

అందరికీ వందనాలు. ఈ ఆదివారానికి యెషయా 6వ అధ్యాయం చదువుకుని రండి. దానికంటే ముందు 2 దినవృత్తాంతములు 26 కూడా.

యూదా రాజు ఉజ్జియా, యాజకులే వేయాల్సిన ధూపం తానే వేయబోయి నొసట కుష్ఠుతో ఆలయం బయటికొచ్చాడు. కుష్ఠరోగి పైపెదవి కప్పుకొని 'అపవిత్రుడను' అని కేక వేయాలని లేవీయకాండము 13:45. ఆ రాజు చనిపోయిన ఏడాదే యెషయా ప్రవక్త 'అపవిత్రమైన పెదవులు గలవాడను' అంటాడు! సెరాపు (దేవుని సింహాసనం దగ్గర ఉండే రెక్కల దూత) కారుతో తీసి తెచ్చిన నిప్పు ఆ పెదవులకే తగిలింది. (కారంటే పట్టకారండీ, కిందటిసారి పిల్లలు బండి అనుకున్నారు.) 'ఎవని పంపెదను' అన్న దేవుని స్వరం వినబడింది ఆ తర్వాతే.

మరో ప్రవక్త యిర్మీయా నోటిని మాత్రం దేవుడు చేత్తోనే ముట్టాడు, నిప్పు లేదు. ఎందుకంటారు?