మా బిల్లుకూ ఒక తేదీ పెట్టండి: కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం మేడమ్.

ప్రతి నెలా 20వ తేదీ దగ్గరపడుతుంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఆ రోజుకల్లా జీఎస్టీ కట్టాలి. కట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. ఇన్నేళ్లలో ఎగ్గొడదామని ఒక్కసారి కూడా అనుకోలేదు. కానీ నేను కట్టే పన్నులో చాలా భాగం ఇంకా నా చేతికి రాని డబ్బు మీద కడుతున్నది. ఈ ఉత్తరం దాని గురించే.

నాది హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న మెషీన్ షాపు. నాలుగు లేత్‌లు, రెండు సీఎన్‌సీలు, ఒక మిల్లింగ్, ఒక గ్రైండింగ్ మెషీన్. నాతో కలిపి ఇరవై ముగ్గురం. పంపులకు కావాల్సిన షాఫ్టులు, బుష్‌లు, ఫ్లాంజ్‌లు చేస్తాం. ఈ ప్రాంతం సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆల్విన్, ప్రాగా టూల్స్, ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్ లాంటి పెద్ద ఫ్యాక్టరీలు వచ్చాక వాటికి పార్టులు చేసిపెట్టడానికి ఇటు బాలానగర్‌లో, అటు సనత్‌నగర్‌లో షెడ్లు వెలిశాయి. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో ఇక్కడే పెట్టారు. మా నాన్న అలాంటి ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఫిట్టర్. వెర్నియర్ పట్టుకోవడం నాకు ఆయనే నేర్పారు. ఆల్విన్, ప్రాగా, ఐడీపీఎల్ సైరన్లు ఇప్పుడు మోగడం లేదు. వాటిని నమ్ముకుని పుట్టిన షెడ్లు మాత్రం ఇంకా నడుస్తున్నాయి.

పోయిన దసరా రోజు జరిగింది చెబుతాను. ఆయుధపూజకు మెషీన్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, దండలు వేశాం. గుమ్మడికాయ కొట్టాం. మా దగ్గర బోనస్ ఇచ్చేది పూజ అయ్యాకే, అది మొదటి నుంచీ ఉన్న పద్ధతి. అప్పటికి ఒక ప్రభుత్వ విభాగం నుంచి నాకు 18 లక్షల 40 వేలు రావాలి. సరుకు పంపి ఏడు నెలలు దాటింది. ఇన్‌స్పెక్షన్ పాసయింది, మా షాఫ్టులు పంపుల్లో బిగించేశారు, అవి తిరుగుతున్నాయి కూడా. బిల్లు మాత్రం కదల్లేదు. నాలుగు నెలలు పోయాక ఒక పేజీ మీద స్టాంపు లేదని వెనక్కి పంపారు. స్టాంపు వేయించి మళ్లీ పెట్టేసరికి ఆ సీట్లో ఆఫీసర్ మారారు. పండగలోపు వస్తుందన్నారు, రాలేదు.

అందరికీ సగం బోనసే ఇచ్చాను. మా సీనియర్ టర్నర్ పంతొమ్మిదేళ్లుగా నా దగ్గరే ఉన్నాడు. కవరు తీసుకుని వేళ్లతో తడిమి చూశాడు. మందం తెలిసినట్టుంది. "పర్లేదు సార్, సంక్రాంతికి చూసుకుందాం" అన్నాడు. వాళ్లమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు ఆ నెలలోనే కట్టాలని నాకు తెలుసు. నేను ఏమీ అనలేక లేత్ మీద బంతిపూలు సర్దుతున్నట్టు నిలబడ్డాను. మర్నాడు మా ఆవిడ గాజులు గోల్డ్ లోన్‌లో పెట్టి మిగతా సగం ఇచ్చాను. సంక్రాంతి కూడా వెళ్లిపోయింది. గాజులు ఇంకా అక్కడే ఉన్నాయి, బిల్లు ఇంకా ఆ ఫైల్లోనే ఉంది. ఆ ఆఫీసు పేరు రాయను. రాస్తే మళ్లీ ఆ గేటు దాటి లోపలికి వెళ్లలేను.

ఇండస్ట్రీ మీటింగుల్లో పెద్ద కంపెనీల వాళ్లు నాయకత్వం గురించి మాట్లాడుతుంటే శ్రద్ధగా వింటాను. కొత్త మార్కెట్లు, పదేళ్ల ప్లాన్లు, మనుషులను ఎలా తయారుచేసుకోవాలి, అన్నీ మంచి మాటలే. నా షెడ్డులో నాయకత్వం వేరే రూపంలో వస్తుంది. చేతిలో ఉన్న డబ్బు అందరికీ సరిపోనప్పుడు ఎవరికి ముందు ఇవ్వాలి అన్నదే అది. జీఎస్టీ ముందు, ఎందుకంటే ఆగితే 18 శాతం వడ్డీ, వరసగా రెండు రిటర్నులు ఆగితే సరుకు రవాణాకు కావాల్సిన ఈ-వే బిల్లు కూడా ఆగిపోతుంది, అప్పుడు సరుకు గేటు దాటదు. తర్వాత బ్యాంకు. ఆ తర్వాత కరెంటు బిల్లు. తర్వాత రాడ్లు అమ్మే వ్యాపారి, ఆయన ఇప్పుడు డబ్బు పడితేనే లారీ పంపుతున్నాడు. ఆ తర్వాత మా పనివాళ్లు. చివర నేను. ఎవరికి న్యాయంగా ముందు దక్కాలి అన్నది చూసి పెట్టిన వరస కాదు మేడమ్ ఇది. ఎవరి దెబ్బ గట్టిగా తగులుతుందో వాళ్లకు ముందు, ఓర్చుకునేవాళ్లకు తర్వాత. పైన ఒక ఆఫీసులో బిల్లు ఆగితే ఆ ఆలస్యం మెట్టుమెట్టూ దిగి, శ్రీకాకుళం నుంచి వచ్చి నా దగ్గర హెల్పర్‌గా చేస్తున్న కుర్రాడి మీద పడుతోంది. అతనికి ఆ ఆఫీసు ఎక్కడుందో కూడా తెలియదు. అతని లెక్కలో జీతం ఆలస్యం చేసినవాణ్ణి నేనే.

జీఎస్టీ లెక్క కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ఒక ప్రైవేటు కంపెనీకి 10 లక్షల సరుకు పంపాననుకోండి. 18 శాతం పన్నుతో బిల్లు 11 లక్షల 80 వేలు. అందులో 6 లక్షల మెటీరియల్ నేను కొన్నది, దాని మీద కట్టిన 1 లక్షా 8 వేలు క్రెడిట్ వస్తుంది, అంటే నేను కట్టాల్సిన పన్నులోంచి తగ్గుతుంది. మిగతా 72 వేలు మరుసటి నెల 20లోపు నేను నగదుగా కట్టాలి. కంపెనీ నాకు రూపాయి ఇచ్చినా ఇవ్వకపోయినా కట్టాలి. ఇక ఆ కంపెనీ వైపు చూడండి. నా బిల్లు పోర్టల్‌లో కనబడగానే 1 లక్షా 80 వేల క్రెడిట్ వాళ్లు వాడుకోవచ్చు. నాకు డబ్బు ఇవ్వకుండానే. 180 రోజుల్లో నాకు చెల్లించకపోతేనే ఆ క్రెడిట్ వెనక్కి ఇవ్వాలని చట్టం. అంటే చిన్న పరిశ్రమల చట్టం నాకు 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలంటోంది, ఇంకో చట్టం ఆరు నెలలదాకా ఆగినా వాళ్లకు వచ్చే నష్టం లేదంటోంది. కొనేవాళ్లు ఏ చట్టాన్ని చూసుకుంటారో మీకు తెలియనిది కాదు.

2025 సెప్టెంబరు 22 నుంచి మీరు జీఎస్టీ స్లాబులు తగ్గించారు. కొనేవాళ్లకు మేలు జరిగింది, కాదనను. అయితే మా బాధ ఎప్పుడూ రేటు గురించి కాదు, తేదీ గురించి.

45 రోజుల చట్టం 2006 నుంచి ఉంది. గడువు దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో ఇవ్వాలని అందులో రాశారు. ఇరవై ఏళ్లలో ఆ వడ్డీ ఒక్కసారి కూడా నా చేతికి రాలేదు. నేను అడగలేదు. మా వీధిలో అడిగిన వాళ్లు కూడా నాకు తెలియదు. వడ్డీ అడిగితే పాత బాకీ సంగతి తర్వాత, కొత్త ఆర్డర్ రాదు. 2017లో మా బకాయిల ఫిర్యాదుల కోసం సమాధాన్ పోర్టల్ పెట్టారు. అందులో ఫిర్యాదు చేస్తే ఈ తగాదాలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలి. కానీ కేసు వేసిన రోజే ఆ కస్టమర్‌తో బంధం తెగిపోతుంది. నా వ్యాపారంలో సగం నలుగురు కస్టమర్లతోనే. ఒకరితో తెగితే లేత్ ఒకటి ఆపేయాలి, దాని మీద చేసేవాణ్ణి ఇంటికి పంపాలి.

2023 బడ్జెట్‌లో మీరు ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) తెచ్చినప్పుడు మేమంతా సంతోషించాం. గడువులోపు మాకు చెల్లించకపోతే మా దగ్గర కొన్నవాళ్లు ఆ ఖర్చును పన్ను లెక్కలో చూపించుకోలేరు అన్నారు. ఎవరో మా గురించి నిజంగా ఆలోచించారు అనిపించింది. మొదటి మార్చిలో డబ్బులు వచ్చాయి కూడా. తర్వాత వాళ్ల ఆడిటర్లు దారి కనిపెట్టారు. ఏప్రిల్ బిల్లయినా సరే మార్చి 31లోపు ఇచ్చేస్తే ఆ ఏడాది ఖర్చు కింద చెల్లుతుంది. అందుకే మాకు మార్చి ఒక్క నెల వాన, మిగతా పదకొండు నెలలు ఎండ. ఒక కంపెనీ పర్చేజ్ మేనేజర్ అయితే నన్ను కూర్చోబెట్టి మర్యాదగానే అడిగారు: "ఆ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ చేసుకోండి సార్, మీతో పని చేయడం మాకూ ఈజీగా ఉంటుంది." చిన్న పరిశ్రమగా నమోదు చేసి నన్ను కాపాడటానికి మీరిచ్చిన కాగితాన్ని నా చేతులతోనే చింపుకోమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ నెల నుంచి వాళ్ల ఆర్డర్లు సగం అయ్యాయి. ఒప్పుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్లను తప్పు పట్టలేను.

పైగా ఈ నియమం పనిచేసేది ఆదాయపు పన్ను కట్టే వ్యాపారాల మీదే. ప్రభుత్వ విభాగానికి ఆ భయం లేదు. నా 18 లక్షల 40 వేలకు అది అక్కరకు రాలేదు.

ఇంకో తలుపు కూడా ఉండేది. బకాయి లక్ష దాటితే దివాలా చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లగలిగేవాళ్లం. 2020 మార్చి 24న, కరోనా సమయంలో, ఆ పరిమితిని కోటి రూపాయలు చేశారు. చిన్న కంపెనీలను దివాలా కేసుల నుంచి కాపాడటానికి అన్నారు, ఆ రోజుల్లో అది అవసరమే అయి ఉండొచ్చు. కరోనా వెళ్లిపోయింది, కోటి అలాగే ఉంది. ఒక ప్రైవేటు కంపెనీ నాకు 20 లక్షలు బాకీ పడితే ఆ తలుపు ఇప్పుడు నాకు తెరుచుకోదు. అదే నా బ్యాంకు ఖాతా 90 రోజులు లిమిట్ దాటి ఉంటే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ముప్పై రోజులకే ఖాతాను ఎస్‌ఎంఏ, అంటే మొండి బాకీ కావచ్చనుకునే ఖాతాల జాబితాలో పెట్టి ఫోన్ చేస్తారు: "మీ అకౌంట్ ఎస్‌ఎంఏలోకి వెళ్లింది సార్, ఈ వారంలో రెగ్యులర్ చేయండి." ఫోన్ చేసే అమ్మాయి తప్పేం లేదు, ఆమె పని ఆమె చేస్తోంది.

బడ్జెట్ ప్రసంగం ప్రతిసారీ షెడ్డులో టీవీ పెట్టుకుని వింటాను. గ్యారంటీ లేని అప్పులు పెంచారు, ముద్రా రుణ పరిమితి 20 లక్షలకు పెంచారు, ఎస్‌ఎంఏలో ఉన్నవాళ్లకు కూడా అప్పు దొరికే ఏర్పాటు చేస్తామన్నారు. మీ ఉద్దేశం మంచిదే. అయితే నాకు కావాల్సింది అప్పు కాదు. నాకు రావాల్సింది వస్తే బ్యాంకులో నా సీసీ (క్యాష్ క్రెడిట్) అప్పు లిమిట్‌లో మూడో వంతు అవసరమే ఉండదు. నా డబ్బు వాళ్ల దగ్గర వడ్డీ లేకుండా ఉంది, దాని బదులు నేను బ్యాంకులో వడ్డీకి తెచ్చుకుంటున్నాను.

సాయంత్రం షిఫ్ట్ అయ్యాక నలుగురైదుగురు ఓనర్లం చాయ్ దగ్గర కలుస్తాం. పదేళ్ల కింద రాజకీయాలు వస్తే గొంతులు లేచేవి. నోట్ల రద్దప్పుడు కొట్టుకునేంత పనయింది. ఒకాయన సమర్థిస్తే ఒకాయన తిట్టేవాడు. ఇప్పుడు ఎవరూ వాదించడం లేదు. "ఎవరొచ్చినా మన బిల్లు అక్కడే ఉంటుందిలే" అని చాయ్ తాగి లేచిపోతున్నారు. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే మేడమ్. కోపంగా ఉన్నవాడు ఇంకా ఏదో ఆశిస్తున్నాడు. వీళ్లు అడగడం మానేశారు. మా పక్క షెడ్డాయన మెషీన్లు తుక్కు ధరకు అమ్మి గోడౌన్‌కు అద్దెకిచ్చాడు. నెల తిరిగేసరికి అద్దె అకౌంట్లో పడుతోంది, హాయిగా ఉన్నానంటున్నాడు. పద్నాలుగు మంది పనివాళ్లు ఉండేవాళ్లు అక్కడ. మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు. "నాన్నా, నువ్వు పనిచేసేదానికంటే ఫోన్లు చేసి డబ్బులడిగేదే ఎక్కువ కదా" అన్నాడు. వాడు సాఫ్ట్‌వేర్‌లో చేరాడు. ఆపడానికి నా దగ్గర మాట లేదు.

నేను అడిగేది సబ్సిడీ కాదు, మాఫీ కాదు. చిన్న యూనిట్లు డబ్బు చేతికొచ్చిన నెలలో జీఎస్టీ కట్టేలా అవకాశం ఇవ్వండి. ఇది కొత్త విషయం కాదు. సర్వీస్ ట్యాక్స్ ఉన్న రోజుల్లో 50 లక్షల లోపు వ్యక్తులకు, భాగస్వామ్య సంస్థలకు ఈ వెసులుబాటు 2012 నుంచి మన దేశంలోనే ఉండేది. బ్రిటన్‌లో 13 లక్షల 50 వేల పౌండ్ల టర్నోవర్ దాకా ఇప్పటికీ ఉంది. మాకు డబ్బు వచ్చేదాకా కొన్నవాళ్లకు క్రెడిట్ కూడా ఆపండి. అప్పుడు నా బిల్లు పాస్ చేయించమని వాళ్ల అకౌంట్స్ వాళ్లే వెంటపడతారు. 43బీ(హెచ్)తో తెచ్చిన నియమాన్ని మార్చి 31కి కాకుండా బిల్లుబిల్లుకూ వర్తించేలా మార్చండి. ఉద్యమ్ నంబరు రద్దు చేసుకోమని ఒత్తిడి చేయడాన్ని నేరం చేయండి. అన్నింటికంటే ముందు ప్రభుత్వం తన బాకీ తాను తీర్చాలి. ఐరోపాలో ప్రభుత్వ సంస్థలు మామూలుగా 30 రోజుల్లో చెల్లించాలని 2011లోనే నియమం పెట్టుకున్నాయి. మన దగ్గర 45 చాలు. 46వ రోజు నుంచి వడ్డీ మేం అడగకుండానే బిల్లుతో పాటు పడాలి. అడిగినవాడికి ఆర్డర్ పోతుంది కాబట్టి, అడగాల్సిన అవసరమే లేకుండా చేయండి.

రాష్ట్రాల విభాగాలు మీ చేతిలో లేవని అంటారేమో. జీఎస్టీ కౌన్సిల్‌కు అధ్యక్షురాలు మీరే, అన్ని రాష్ట్రాల మంత్రులూ అక్కడ కూర్చుంటారు. పన్ను వసూలు తేదీని అందరూ కలిసి ఒప్పుకున్నప్పుడు చెల్లింపు తేదీని కూడా ఒప్పుకోవచ్చు.

ఈ నెల 20కి కట్టాల్సింది 1 లక్షా 12 వేలు. మా ఆడిటర్ గారు చలాన్ తయారు చేసి పంపారు. అందులో మూడు బిల్లులు ఉన్నాయి, మూడింటిలో ఒక్కదానికీ డబ్బు రాలేదు. సోమవారం పొద్దున్నే కట్టేస్తాను.

ఇట్లు,
ఒక చిన్న పరిశ్రమ యజమాని
బాలానగర్, హైదరాబాద్