లీడ్స్ నుంచి నాన్నగారికి: మన కంప్యూటర్ తెర గురించి

లీడ్స్,
ఆదివారం

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఫోన్‌లో చెబితే మీరు "సరే, సరే" అంటూనే సగం వదిలేస్తారు కనుక, కంప్యూటర్ పక్కన పెట్టుకుని చూసుకునేందుకు వీలుగా ఈ సంగతి ఉత్తరంలో రాస్తున్నాను.

మొన్న వీడియో కాల్‌లో అమ్మ ఫోన్‌ను కంప్యూటర్ వైపు తిప్పి, కైలాసగిరి మీద శివపార్వతుల విగ్రహాల ముందు మీరిద్దరూ దిగిన ఫొటో చూపిస్తూ, తాను బాగా లావయ్యానని వాపోయింది. నాకు మాత్రం అందులో పార్వతీదేవి కూడా లావుగానే కనిపించింది. అప్పుడు గుర్తుకొచ్చింది, ఆ తప్పు నాదేనని. రెండేళ్ల క్రితం బయలుదేరే ముందు రాత్రి, ఒక పక్క సూట్‌కేసు సర్దుకుంటూ, అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని మీరన్న మాటకు ఏమీ ఆలోచించకుండా రిజల్యూషన్‌ను, అంటే తెర మీద బొమ్మను గీసే చుక్కల లెక్కను, 1920 × 1080 నుంచి 1024 × 768కి దించేశాను. అక్షరాలు పెద్దవయ్యాయి, మీరు సంతోషించారు, నేను విమానం ఎక్కాను. తరువాత పేపర్ చదువుతుంటే 'థ'కూ 'ధ'కూ తేడా తెలియడం లేదని, వత్తులు అలికేసినట్టున్నాయని చెప్పి, మీరు ద్వారకానగర్ వెళ్లి కళ్లజోడు అద్దాలు మార్పించుకున్నారు. ఆ ఖర్చు నా ఖాతాలో రాసుకోండి.

మన మానిటర్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు తయారీలోనే అమర్చి ఉంటాయి, మొత్తం 20,73,600. అమ్మ వాకిట్లో పెట్టిన ముగ్గు చుక్కల్లా అవి కదలవు, పెరగవు, తరగవు. నేను 1024 అని పెట్టడంతో, కంప్యూటర్ పంపే ఒక్కొక్క చుక్కను మానిటర్ అడ్డంగా 1.875 చుక్కల మీద పరచవలసి వస్తోంది. చుక్కలో ముక్క అనేది లేదు కనుక అది పక్క చుక్క రంగుతో కలిపి సర్దుకుంటుంది; ఆ కలగాపులగంలో ముందు చెరిగిపోయేది 'థ' పొట్టలోని బొట్టు, ఆ తరువాత కింది వత్తులు. పైగా 1024 × 768 అనేది నాలుగుకు మూడు కొలత, అంటే వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు. దాన్ని పదహారుకు తొమ్మిది ఉన్న తెర నిండా సాగదీస్తే మనుషులు వెడల్పవుతారు. పాత డబ్బా మానిటర్లలో ఇలా స్థిరమైన చుక్కలు ఉండేవి కావు కాబట్టి రిజల్యూషన్ తగ్గించినా ఇంత చెడేది కాదు. నాకు ఆనాటి అలవాటే మిగిలింది.

ఇప్పుడు చేయవలసినది ఇది. డెస్క్‌టాప్ మీద ఖాళీ చోట మౌస్ కుడి బటన్ నొక్కి, డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి, కొంచెం కిందికి జరిగితే డిస్‌ప్లే రిజల్యూషన్ కనిపిస్తుంది. అందులో 'రికమెండెడ్' అని పక్కన రాసి ఉన్న 1920 × 1080ని ఎంచుకోండి. తెర ఒక్క క్షణం నల్లబడి, ఈ మార్పు ఉంచమంటారా అని అడుగుతుంది. భయపడవద్దు, 15 సెకన్లలో మీరు 'కీప్ చేంజెస్' నొక్కకపోతే దానంతట అదే పాత స్థితికి వెళుతుంది. నొక్కిన వెంటనే అక్షరాలు ఆవగింజలంత అవుతాయి, మీకు నా మీద కోపం వస్తుంది. అక్కడే ఆగిపోకుండా, దానికి కాస్త పైన ఉన్న 'స్కేల్'లో 100కు బదులు 125 శాతం పెట్టండి, చాలకపోతే 150. అప్పుడు చుక్కలు చెదరకుండానే, ఎక్కువ చుక్కలతో అక్షరం పెద్దదిగా గీయబడుతుంది. కొన్ని పాత ప్రోగ్రాములు ఒకసారి సైన్ అవుట్ చేసి మళ్లీ వచ్చేదాకా కుదురుకోవు. పేపర్ ఒక్కటే ఇంకా పెద్దదిగా కావాలంటే, కంట్రోల్ పట్టుకుని ప్లస్ నొక్కండి.

జాబితాలో 1920 × 1080 అసలు కనిపించకపోతే మీరేమీ కదపవద్దు. తెర మీది బొమ్మను నడిపించే గ్రాఫిక్స్ డ్రైవర్ అనే ప్రోగ్రాము పోయి ఉండవచ్చు, లేదా కంప్యూటర్‌ను మానిటర్‌కు కలిపే ఆ నీలం కొన ఉన్న పాత వీజీఏ కేబుల్ పిన్నులు మన సముద్రపు గాలికి తుప్పుపట్టి ఉండవచ్చు. బాల్కనీ గ్రిల్ సంగతి మీకు తెలిసిందే. వచ్చే శనివారం మీకు సాయంత్రం ఆరు గంటలకు నేను ఇక్కడి నుంచే, దూరం నుంచి మీ తెరను చూపించే క్విక్ అసిస్ట్ అనే ప్రోగ్రాము ద్వారా చూస్తాను.

ఈ మార్పు చేశాక ఒక వారం చదివి చూడండి. అప్పటికీ అక్షరాలు మసకగా ఉంటే మాత్రం కంటి డాక్టరు గారిని కలవండి, ఆలస్యం చేయవద్దు. కైలాసగిరి ఫొటోను అమ్మకు ఇంకొకసారి తెరిచి చూపించండి. అప్పటిదాకా రాత్రిపూట అన్నం మానేయవద్దని నా మాటగా చెప్పండి.

నమస్కారాలతో,
మీ పెద్దబ్బాయి