గ్రూపుల్లో తిరుగుతున్న ఆ వీడియో గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

శనివారం చదివే పోటీలో నాలుగో తరగతి బాబు చెవులు మూసుకుని వేదిక దిగి పరుగెత్తిన వీడియో మీరంతా చూసే ఉంటారు. గారాబం అని కొందరు, ఫోన్ పిచ్చి అని కొందరు తేల్చేశారట. నేను అక్కడే ఉన్నాను. మైకు కీచుమంది, అదే సమయానికి చప్పట్లు. మనకు చిరాకనిపించే చప్పుడు కొందరు పిల్లలకు భరించలేనంత అవుతుంది. చొక్కా కాలర్ లేబుల్ గుచ్చుకున్నా, ట్యూబ్‌లైటు మిణుకుమన్నా అంతే. డిస్లెక్సియా, అంటే తెలివికి లోటు లేకున్నా అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, ఉన్న పిల్లల్లోనూ కొందరికి చప్పుడు ఇలాగే భరించలేనంత అవుతుంది. అలాగని చప్పుడు తగ్గించగానే చదువు వచ్చేయదు. అక్షరాన్ని దాని పలుకుతో ఓపికగా ముడిపెట్టి నేర్పాల్సిందే. ద, ధ దగ్గర తడబడే పిల్లాడికి ఆ ఓపిక నిశ్శబ్దంలోనే అందుతుంది.

అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి, వేలు పట్టుకుని దిద్దించింది మనమే. మర్నాడే పుస్తకం చేతికిచ్చి ఆ వేలిని మరిచిపోయాం! మా చిన్న తరగతుల్లో ఇసుక పళ్లేలు పెట్టించాను. పైకి పలుకుతూ దిద్దుతారు. బడ్జెట్ గురించి అడగకండి, ఇసుక ఊరికే వచ్చింది. రంగు కళ్లద్దాలతో డిస్లెక్సియా పోతుందని ఎవరో ఫార్వర్డ్ చేశారు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2009లోనే దానికి తగిన ఆధారాలు లేవని చెప్పింది. ఆ డబ్బు దాచుకోండి. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి చదువు ఇబ్బందుల్ని కూడా గుర్తించింది, కాబట్టి పరీక్షలో అదనపు సమయం అడగడానికి మొహమాటపడకండి.

ఎవరూ చెప్పకుండానే ఏడో తరగతి ఆడపిల్లలు పాత టెన్నిస్ బంతులు కోసి నాలుగో తరగతి కుర్చీల కాళ్లకు తొడిగారు. ఇప్పుడు ఆ గదిలో కిర్రుమనే చప్పుడే లేదు. ఆ బాబు సోమవారం నా గదిలో పాఠం మొత్తం కథలా చెప్పాడు, నక్క గొంతుతో సహా.

మీ ఇంటి విషయాల్లో తలదూర్చడం నాకిష్టం లేదు. అయినా టీవీ సీరియల్ నడుస్తుండగా, కుక్కర్ కూస్తుండగా, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి "గట్టిగా చదవరా మొద్దూ" అంటే ఏం చదువుతారండీ? ఒక్క అరగంట టీవీ ఆపితే సీరియల్ ఎక్కడికీ పోదు.

రెండో టర్మ్ ఫీజు నెలాఖరులోగా కట్టండి, శుక్రవారం తెల్ల యూనిఫాం, టిఫిన్ డబ్బాల మీద పేర్లు రాయండి.

ఆ వీడియో ఎవరి ఫోన్‌లో ఉన్నా ఈరోజే తీసేయండి. బాబు వాళ్లమ్మగారు కూడా ఆ గ్రూపులోనే ఉన్నారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు