చెక్క చర్చిల భారం చిన్న ఊళ్ల మీదే వదిలేయకండి: ఫిన్లాండ్ సాంస్కృతిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఫిన్లాండ్ విజ్ఞాన, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను గుంటూరు జిల్లాలో లూథరన్ సంఘంలో బాప్తిస్మం పొందినదాన్ని. ఇప్పుడు ఫిన్లాండ్‌లోని యువాస్క్యులా నగరంలో ఉంటూ ఇక్కడి సంఘానికి చర్చి పన్ను (సంఘ సభ్యుల ఆదాయం మీద వేసే పన్ను) కడుతున్నాను. 1842లో హయ్యర్ దొర గుంటూరులో మొదలుపెట్టిన మిషన్ పనితోనే మా వైపు లూథరన్ సంఘాలు పుట్టాయి. ఈ లేఖను ఫిన్నిష్‌లో మీ కార్యాలయానికి పంపుతున్నాను. ఇక్కడున్న తెలుగువాళ్లూ, ఊళ్లో మావాళ్లూ చదవాలని తెలుగులో కూడా రాస్తున్నాను.

యువాస్క్యులాకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో పెటాయవేసి అనే ఊళ్లో పాత చెక్క చర్చి ఉంది. 1763లో మొదలుపెట్టి 1765కల్లా కట్టేశారు. గీసిచ్చిన ఆర్కిటెక్టు లేడు. యాక్కో క్లెమెటిన్‌పొయికా లెప్పానెన్ అనే వడ్రంగి, ఆయనతో పాటు ఊరి జనం. రెండు సరస్సులు కలిసే చోట స్థలం ఎంచుకున్నారు, వేసవిలో పడవల మీద, చలికాలంలో గడ్డకట్టిన నీటి మీదుగా ఆరాధనకు రావచ్చని. 1821లో ఆయన మనవడు ఎర్కి లెప్పానెన్ గంట గోపురం కట్టాడు.

లోపలికి వెళ్తే గోడలకు రంగు లేదు. పైన్ దుంగలు రెండున్నర శతాబ్దాల్లో తేనె రంగుకు తిరిగాయి. నాలుగు వైపులా సమానంగా చాచిన సిలువ ఆకారం, నడిమధ్య చెక్క గుమ్మటం. పుల్‌పిట్ కింద, బాల యేసును భుజాన మోశాడని చెప్పుకునే పరిశుద్ధ క్రిస్టోఫర్ బొమ్మ ఉంది, వాక్యం చెప్పే పీఠం మొత్తాన్నీ మోస్తున్నట్టుగా. పెద్ద నగరాల చర్చిల గురించి ఎక్కడో విన్న పల్లెటూరి చేయి, తన గొడ్డలితో, తనకు తెలిసిన కలపతో చెక్కిన బొమ్మ అది. దాని ముందు నిలబడితే నాకు మాట రాలేదు.

1879లో కొత్త చర్చి వచ్చాక దీన్ని వాడటం మానేశారు. సమాధుల తోట, గంట గోపురం మాత్రం వాడకంలో ఉన్నాయి కాబట్టి కూల్చకుండా నిలబడింది. 1920లలో ఆస్ట్రియా కళాచరిత్రకారుడు యోజెఫ్ స్ట్రిగోవ్‌స్కీ దీని విలువను గుర్తించాకే మరమ్మతుల ఆలోచన ఊపందుకుంది. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

పెటాయవేసికి ఈ పేరుంది, చూసేవాళ్లున్నారు. నా బాధ పేరు లేని చర్చిల గురించి. కీహ్‌తెల్యూస్‌వారా చెక్క చర్చి 1770 నాటిది, పెటాయవేసి కన్నా అయిదేళ్లే చిన్నది. 2018 సెప్టెంబరులో కాలిపోయింది. 1786 నాటి యూలివియెస్కా చర్చి 2016లో ఈస్టర్ ముందురోజు కాలింది. 1881లో కట్టిన రౌత్‌యార్వి చర్చి 2022 క్రిస్మస్ రోజున బూడిదైంది. మూడూ ఎవరో నిప్పు పెట్టినవే. నిప్పు పెట్టేవాడి మనసును మీరు మార్చలేరు, నిజమే. కానీ ఎండిన దుంగలు, పైన్ చెట్ల నుంచి తీసిన తారు పూసిన పైకప్పు నిమిషాల్లో అంటుకుంటాయని తెలిసి కూడా పొగ పసిగట్టే యంత్రం, నీటిజల్లు ఏర్పాటు, కెమెరా పెట్టించడాన్ని చిన్న సంఘం స్తోమతకే వదిలేయడం న్యాయమా?

1917కు ముందు కట్టిన చర్చిలన్నిటికీ మీ చట్టం రక్షణ ఇచ్చింది. మంచిదే. అయితే రక్షణ చట్టాన్ని ఆమోదించినది పార్లమెంటు, ఖర్చులో పెద్ద వంతు మోసేది సంఘం. సభ్యులు ఏటేటా తగ్గుతున్నారు, పల్లెల్లో యువత నగరాలకు పోతున్నారు. 2016 నుంచి ప్రభుత్వం ఏటా సంఘాలకు ఇచ్చే నిధిలో పాత కట్టడాల సంరక్షణ కూడా ఉంది కానీ, అందులో చాలావరకు సమాధుల తోటల నిర్వహణకు, అంత్యక్రియల పనులకే సరిపోతుంది.

పైకప్పు సంగతే చూడండి. చెక్క పెంకును రంపంతో కోయకూడదు, నారను అనుసరించి చీల్చాలి. అప్పుడే నీరు పెంకులోకి దిగకుండా జారిపోతుంది. తర్వాత పైన్ తారు పూయాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ పూయాలి. ఈ పని చేతుల్లో ఉన్న వడ్రంగులు పెద్దవాళ్లవుతున్నారు. ఒక పైకప్పు మరమ్మతు వాయిదా పడితే నీరు దుంగలోకి దిగుతుంది, దుంగ చివికిపోతే గోడే మార్చాలి. ఆ పాటికి నేర్చుకున్న చేయి కూడా దొరకదు.

కాబట్టి నా విన్నపం ఇది. ప్రతి పాత చెక్క చర్చిలోనూ అగ్నిమాపక ఏర్పాట్లకు ఆ ఊరి సంఘం వాటా అడగకుండా పూర్తి ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ప్రతిదాన్నీ దుంగ దుంగా కొలిచి, లేజర్ స్కానింగ్ చేసి దాచాలి, రేపు ఏదైనా జరిగితే కొలతలైనా మిగలాలి. పెంకులు చీల్చే పని, తారు కాచే పని నేర్పే శిక్షణకు జీతంతో కూడిన చోట్లు ఇవ్వాలి. ఇందులో మొదటిది రానున్న బడ్జెట్‌లోనే మొదలుపెట్టండి. మిగతావి ఏడాది ఆలస్యమైనా ఓర్చుకుంటాం, అగ్నిమాపక ఏర్పాటు మాత్రం ఆగదు.

ఇట్లు,
యువాస్క్యులా లూథరన్ సంఘ సభ్యురాలు ఒకరు