బటన్‌కు పేరు రాయండి

సంపాదకులకు నమస్కారం.

మా తమ్ముడికి చూపు లేదు. ఫోన్‌లో తెరపై ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని వార్తలు వింటాడు, నా కంటే వేగంగా మెసేజ్‌లు పంపుతాడు. మొన్న ఒక బ్యాంకు కేవైసీ (ఖాతాదారు ఎవరో నిర్ధారించుకునే పని) దగ్గర మాత్రం ఆగిపోయాడు. "బటన్... బటన్... పేరు లేని బటన్" అంటూ పోయింది ఫోన్. ఏది సబ్మిట్టో, ఏది క్యాన్సిలో ఎలా తెలుస్తుంది? చివర్లో బొమ్మలోని అక్షరాలు టైప్ చేయమంది. ఆ అక్షరాలను చదివి వినిపించే క్యాప్చా లేదు. ఈలోగా టైమ్ అయిపోయి మళ్లీ మొదటికొచ్చింది. మూడోసారి ఫోన్ నా చేతిలో పెట్టి, "అక్కా, నువ్వే చేసిపెట్టు" అన్నాడు. సొంత ఖాతా వివరాలు ఇంకొకరి ముందు పెట్టాల్సి రావడం వాడికెంత కష్టమో ఆ గొంతులోనే తెలిసింది.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేని వ్యక్తి వేసిన పిటిషన్లపై సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమంది. కేవైసీని దివ్యాంగులూ చేసుకునేలా మార్చమంది. ఎదురుగా ఉన్నది నిజంగా మనిషేనని తేల్చుకోవడానికి కేవైసీలో కళ్లు ఆర్పి చూపించమంటే, ఆర్పలేనివాళ్లు ఏం చేయాలి?

మాదాపూర్, గచ్చిబౌలిలో కూర్చుని ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాస్తున్న ఊరు మనది. బటన్‌కు పేరు, బొమ్మకు వివరణ కోడ్‌లో రాయడం వీళ్లకు పెద్ద పనేం కాదు. మౌస్ పట్టుకోలేనివారి కోసం కీబోర్డుతోనే పేజీ అంతా నడవాలి. సైటు విడుదల చేసేముందు మా తమ్ముడిలాంటి నలుగురిని పిలిచి, వాళ్ల చేత వాడించి చూడాలని బ్యాంకులను, ప్రభుత్వ శాఖలను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్